పోస్టాఫీసు నష్టం ఎవరి పద్దు?

ప్రతిరోజూ పొద్దున్నే నా ఫోనుకి ఒక మెయిల్ వస్తుంది. ఆ రోజు మా ఇంటి పెట్టెలో పడబోయే కవర్ల ఫొటోలు అందులో ఉంటాయి, నలుపు తెలుపుల్లో. కరెంటు బిల్లు, బీమా కంపెనీ ప్రకటన, పక్కవీధి పళ్ళ డాక్టరు పంపిన కార్డు. చూడాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. అయినా చూస్తాను. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఈ అలవాటు ఇమిగ్రేషన్ కాగితాల దగ్గర అంటుకుంటుంది. 2022 ఫిబ్రవరిలో మేము మా ఆవిడ వర్క్ పర్మిట్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. కార్డు చేతికందితేనే తను ఉద్యోగంలో చేరేది. అది వచ్చేది పోస్టులోనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికన్ కాంగ్రెస్‌లో పోస్టల్ సంస్కరణ బిల్లు మీద చర్చ నడుస్తోంది. పోస్టాఫీసు దివాలా అంచున ఉందని పేపర్లు ఎప్పటినుంచో రాస్తున్నాయి. దానికి నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. "అసలు నష్టాలే లేవండీ. 2006లో ఒక దుర్మార్గపు చట్టం తెచ్చి, ఇంకా పుట్టని ఉద్యోగుల పెన్షన్లకి కూడా 75 ఏళ్ళ ముందే డబ్బు కట్టమన్నారు. అదంతా పోస్టాఫీసుని చంపి ప్రైవేటువాళ్ళకి అప్పగించే కుట్ర." వీకెండ్ భోజనాల దగ్గర ఈ మాట చాలాసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు కూడా. ఈమధ్య కాస్త ఓపిక చేసుకుని ఆ చట్టాల చరిత్ర చదివాక, నేను చెప్పిన కథలో సగమే నిజమని అర్థమైంది. మిగతా సగం కోసం ఈ వ్యాసం.

రెండు మాటలు, ఒకే చట్టం

అమెరికా తపాలా దేశం కన్నా ఒక ఏడాది పెద్దది. స్వాతంత్ర్య ప్రకటన 1776 జూలైలో వస్తే, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా నియమించింది 1775 జూలైలో. 1792లో వచ్చిన తపాలా చట్టం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక కాగితం ఉత్తరానికి దూరాన్నిబట్టి 6 సెంట్ల నుంచి 25 సెంట్ల దాకా వసూలు చేశారు. వార్తాపత్రికకి మాత్రం వంద మైళ్ళ లోపు 1 సెంటు, ఆపైన ఎంత దూరమైనా ఒకటిన్నర సెంటు. అంటే ఉత్తరాలు రాసుకునే వ్యాపారి దగ్గర ఎక్కువ తీసుకుని, ఎక్కడో మారుమూల పేపరు చదువుకునే రైతుకి తక్కువకి ఇచ్చారన్నమాట. కొత్త దేశంలో జనానికి కబుర్లు తెలియాలి, అందుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఆ కట్టేదెవరో ధరల పట్టికలోనే రాసిపెట్టారు.

1851లో ఉత్తరం ధర బాగా తగ్గించారు. ముందే చెల్లిస్తే మూడు వేల మైళ్ళ దాకా 3 సెంట్లు. ధర తగ్గితే రాబడి పడిపోతుందని వాళ్ళకీ తెలుసు. అందుకే అదే చట్టంలో ఒక షరతు పెట్టారు: రాబడి తగ్గిందన్న కారణంతో ఉన్న పోస్టాఫీసు ఏదీ మూసెయ్యకూడదు, ఏ మార్గంలోనూ సర్వీసు తగ్గించకూడదు. ఈ షరతుని గుర్తుపెట్టుకోండి. ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

1896లో పల్లెల్లో ఇంటికే ఉత్తరాలు తెచ్చివ్వడం వెస్ట్ వర్జీనియాలో ప్రయోగంగా మొదలైంది, 1902లో స్థిరపడింది. 1913లో పార్సిళ్ళు వచ్చాయి. ఇవేవీ లాభం కోసం చేసినవి కావు. అదే సమయంలో, ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వానిది మాత్రమే, ఇంటిముందు పోస్టు పెట్టెలో ఇంకెవరూ ఏమీ వెయ్యకూడదు అని చట్టం కాపలా కాసింది. బేరం ఇదీ: గుత్తహక్కు నీకిస్తాం, బదులుగా ఎంత దూరమైనా ఒకే బిళ్ళ ధరకి నువ్వు ప్రతి గడపా తొక్కాలి. నగరాల్లో మిగిలిన డబ్బు పల్లెల్లో ఖర్చవుతుంది. ఉత్తరాలు పెరుగుతున్నంత కాలం ఈ బేరం బాగానే నడిచింది.

షికాగోలో ఆగిన ఉత్తరాలు

1966 అక్టోబరులో షికాగో పోస్టాఫీసు ఆగిపోయింది. అప్పటికది ప్రపంచంలోనే అతిపెద్ద పోస్టాఫీసు భవనం. కోటి దాకా ఉత్తరాలూ పార్సిళ్ళూ కదలకుండా గుట్టలు పడ్డాయి. సమ్మె లేదు, తుఫాను లేదు. పాతబడిన యంత్రాలు, చాలని మనుషులు, మోయలేనంత టపా, అంతే.

దీని వెనక ఉన్న అసలు సమస్య యంత్రాలది కాదు. పోస్టాఫీసు ఒక ప్రభుత్వ శాఖ. పోస్ట్‌మాస్టర్ జనరల్ కేబినెట్ మంత్రి; చాలాసార్లు ప్రెసిడెంటుగారి ఎన్నికల ప్రచారం నడిపిన మనిషే. ఊళ్ళలో పోస్ట్‌మాస్టర్ ఉద్యోగాలు అధికార పార్టీవాళ్ళు చెప్పినవాళ్ళకి. బిళ్ళ ధర, జీతాలు, కొత్త భవనాలు అన్నీ కాంగ్రెస్ చేతిలో. సంస్థని నడపాల్సిన మనిషికి ధర మీదా అధికారం లేదు, జీతం మీదా లేదు. ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కమిషన్ (ఏటీ అండ్ టీ మాజీ అధిపతి ఫ్రెడరిక్ కాపెల్ దాని అధ్యక్షుడు) 1968లో ఈ సంగతే చెప్పి, దీన్ని శాఖగా కాకుండా ప్రభుత్వ కార్పొరేషన్‌గా మార్చమంది. నివేదిక అందింది, చర్చ నడిచింది, పని జరగలేదు.

లోపల పనిచేసేవాళ్ళ సంగతి సాహిత్యంలో ముందే వచ్చింది. రిచర్డ్ రైట్ రచయితగా పేరు రాకముందు షికాగో పోస్టాఫీసులో పనిచేశాడు. అతను చనిపోయాక 1963లో వచ్చిన 'లాడ్ టుడే' నవలలో కథానాయకుడు అక్కడి నల్లజాతి పోస్టల్ ఉద్యోగే. లాస్ ఏంజిలస్‌లో ఏళ్ళ తరబడి ఉత్తరాలు వేరుచేసిన చార్ల్స్ బుకోవ్‌స్కీ ఆ ఉద్యోగం వదిలేసి రాసిన మొదటి నవల పేరే 'పోస్ట్ ఆఫీస్'. అది 1971లో వచ్చింది. ఆ ఏడాదే పాత పోస్టల్ శాఖ కూడా పోయి కొత్త సంస్థ వచ్చింది.

ఆ మార్పు తెచ్చింది కమిషన్ నివేదిక కాదు, సమ్మె. 1970లో కొత్తగా చేరిన పోస్టుమాన్ జీతం ఏడాదికి 6,176 డాలర్లు. పై మెట్టు 8,442 డాలర్లు. అది చేరడానికి 21 ఏళ్ళు. న్యూయార్క్‌లో కొందరు పోస్టుమాన్లు పేదలకిచ్చే ప్రభుత్వ సాయానికి అర్హులయ్యే పరిస్థితి. అంతకు ముందు ఏడాదే కాంగ్రెస్ సభ్యులు తమ జీతాలు 41 శాతం పెంచుకున్నారు. మార్చి 18న మన్‌హాటన్, బ్రాంక్స్ పోస్టుమాన్లు పని ఆపేశారు. ఫెడరల్ ఉద్యోగులు సమ్మె చెయ్యడం నేరం. యూనియన్ పైనాయకత్వం కూడా వద్దంది. అయినా వారం తిరిగేలోపు దేశవ్యాప్తంగా రెండు లక్షలమంది బయటికొచ్చారు. నిక్సన్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, న్యూయార్క్ పోస్టాఫీసుల్లోకి సైన్యాన్ని పంపాడు. ఉత్తరాలు వేరుచెయ్యడం తుపాకి పట్టుకున్నంత తేలిక కాదని సైనికులకి ఒక్కరోజులో తెలిసొచ్చింది.

ఆ ఆగస్టు 12న నిక్సన్ సంతకం చేసిన చట్టంతో కేబినెట్ శాఖ రద్దయి, 1971 జూలై 1 నుంచి యూఎస్ పోస్టల్ సర్వీస్ మొదలైంది. జీతాలు పెరిగాయి, పై మెట్టు 8 ఏళ్ళకే అందింది, యూనియన్లకి జీతాల మీద బేరమాడే హక్కు వచ్చింది. సమ్మె హక్కు మాత్రం రాలేదు. ధరలు చూడటానికి ఒక కమిషన్, నడపడానికి గవర్నర్ల బోర్డు. పన్నుల డబ్బు క్రమంగా ఆగిపోయి, 1980ల తొలి ఏళ్ళకి సంస్థ తన బిళ్ళల డబ్బు మీదే నిలబడింది.

ఇక్కడే ఆ 1851 షరతు తిరిగొచ్చింది. నీ ఖర్చు నువ్వే సంపాదించుకో అని చెప్పిన ఆ చట్టమే, నష్టం వస్తోందన్న ఒక్క కారణంతో చిన్న పోస్టాఫీసుని మూసెయ్యకూడదు అని కూడా చెప్పింది. రెండు మాటలూ మంచివే. రెండూ ఒకేసారి నిజం కావాలంటే మూడో మాట ఒకటి కావాలి: ఆ చిన్న పోస్టాఫీసు నష్టాన్ని భరించేదెవరు? చట్టం దాన్ని విడిగా రాయలేదు. అప్పటికి అవసరమూ కనబడలేదు. ఉత్తరాలు ఏటికేడు పెరుగుతున్నాయి మరి.

ఒక జేబులోంచి ఇంకో జేబులోకి

ఇక నా కథలోని విలన్ దగ్గరికొద్దాం. 2006 డిసెంబరు 20న జార్జి బుష్ సంతకం చేసిన చట్టం.

2002లో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. పోస్టల్ సర్వీస్ తన పాత ఉద్యోగుల పెన్షన్ నిధికి అవసరం కన్నా ఎక్కువ కడుతోందని, ఇలాగే కడుతూపోతే వేల కోట్ల డాలర్లు అదనంగా పోగవుతాయని లెక్క తేలింది. కట్టేది తగ్గించాలి కదా! 2003లో ఒక చట్టం చేసి తగ్గించారు కూడా. కానీ చిక్కేమిటంటే, పోస్టాఫీసు కట్టే ఆ డబ్బు ఫెడరల్ ఖజానాకి రాబడిగా కనిపిస్తుంది. పోస్టాఫీసు తక్కువ కడితే దేశం బడ్జెట్ లోటు కాగితం మీద పెరుగుతుంది. అందుకని కొన్నేళ్ళ తర్వాత మిగిలే ఆదాని పోస్టాఫీసు వాడుకోకుండా పక్కన పెట్టమన్నారు.

2006 చట్టం ఆ ముడి విప్పింది, ఇంకో ముడి వేసి. పక్కన పెట్టడం మానేసి, దాని బదులు పదవీ విరమణ చేసినవాళ్ళ ఆరోగ్య బీమా కోసం కొత్త నిధి పెట్టి, 2007 నుంచి 2016 దాకా ఏటా 5.4 నుంచి 5.8 బిలియన్ డాలర్లు అందులో కట్టమంది (బిలియన్ అంటే వంద కోట్లు). డబ్బు ఖజానాకి చేరే దారి మారింది, చేరడం ఆగలేదు. లోటు అంకె కదలకూడదన్నదే అక్కడ ముఖ్యం. ఇది కుట్ర అనుకుని చదవడం మొదలుపెట్టాను. చదివాక కనబడింది అంతకన్నా మామూలు విషయం: బడ్జెట్ లెక్కలో ఒక గడి సరిపెట్టడానికి ఇంకో గడిలో అంకె రాశారు. రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి. సభలో పేరుపేరునా ఓటు కూడా లెక్కపెట్టలేదు, నోటి మాటతో ఆమోదించేశారు. యూనియన్లు, పెద్ద ఎత్తున టపా పంపే కంపెనీలు కూడా ఆ చట్టంలో తమకి కావలసినవి చూసుకున్నాయి.

"పుట్టని ఉద్యోగుల పెన్షన్" అన్న నా డైలాగు కూడా తప్పే. అది పెన్షన్ కాదు, ఆరోగ్య బీమా. లెక్క వేసింది అప్పటికి పనిచేస్తున్నవాళ్ళకీ, రిటైరైనవాళ్ళకీ. ఉద్యోగంలో ఇంకా చేరనివాళ్ళకి కాదు. అయితే మిగతా ప్రభుత్వ శాఖల మీద ఇలాంటి బరువు ఎవరూ పెట్టలేదు, పదేళ్ళలో ఇంత తొందరగా కట్టమనడం విపరీతమే. అందులో మాత్రం సందేహం లేదు.

అదే చట్టంలో ఇంకో రెండు షరతులున్నాయి. భోజనాల దగ్గర నేనెప్పుడూ వీటి ఊసెత్తలేదు. మొదటిది, ఉత్తరాల ధర ద్రవ్యోల్బణాన్ని మించి పెరగకూడదు. రెండోది, పోస్టాఫీసు తపాలాకి సంబంధం లేని కొత్త వ్యాపారాల్లోకి దిగకూడదు. అంటే ఖర్చు పెంచారు, ధరకి కళ్ళెం వేశారు, వేరే సంపాదనకి తలుపు మూశారు.

టైమింగ్ చూడండి. 2006లో అమెరికా తపాలా చరిత్రలోనే అత్యధికంగా 213 బిలియన్ల టపా నడిచింది. ఆ గ్రాఫు చూసే చట్టం రాశారు. సంతకమైన మూడు వారాలకి, 2007 జనవరి 9న, స్టీవ్ జాబ్స్ స్టేజి మీద ఐఫోన్ చూపించాడు. మరుసటేడు ఆర్థిక మాంద్యం. బ్యాంకులూ క్రెడిట్ కార్డు కంపెనీలూ కవర్లు పంపడం తగ్గించాయి. బిల్లులు ఆన్‌లైన్‌కి పోయాయి. పోనివ్వడంలో నాలాంటివాళ్ళ చెయ్యి కూడా ఉంది. కాగితం బిల్లు మాన్పించే బటన్లు రాయడమే నా మొదటి ఉద్యోగంలో నా పని.

2012కి సంస్థ అప్పు తెచ్చుకోగల పరిమితి, 15 బిలియన్లు, అయిపోయింది. ఆ ఆగస్టులో మొదటిసారి ఆరోగ్య నిధి వాయిదా కట్టలేదు. ఆ ఏడాది నష్టం 15.9 బిలియన్లు. అందులో 11.1 బిలియన్లు ఆ నిధి వాయిదాలే. పేపర్లలో వచ్చింది మొదటి అంకె, పోస్టాఫీసు అసమర్థతకి రుజువుగా. నేను పట్టుకున్నది రెండో అంకె, కుట్రకి రుజువుగా. రెండింటికీ మధ్య మిగిలిన 4.8 బిలియన్ల గురించి ఇద్దరం మాట్లాడలేదు.

లెక్క సరిచేసిన చట్టం

2022 బిల్లు సంగతి. ఫిబ్రవరి 8న ప్రతినిధుల సభలో 342-92 ఓట్లతో నెగ్గింది. తర్వాత ఒక తమాషా జరిగింది. సభ నుంచి సెనేట్‌కి బిల్లు తప్పు ప్రతి వెళ్ళింది. మా భాషలో చెప్పాలంటే తప్పు బ్రాంచి డిప్లాయ్ అయింది. అందరూ ఊఁ అంటే నిమిషంలో సరిచెయ్యొచ్చు, కానీ సెనేటర్ రిక్ స్కాట్ అడ్డు చెప్పాడు. నెలాఖరు దాటి మార్చి 8న సెనేట్ 79-19తో ఆమోదించింది. ఏప్రిల్ 6న బైడెన్ సంతకం.

ఆ చట్టం చేసిన పనులు ముఖ్యంగా నాలుగు. ఒకటి, ఆరోగ్య నిధికి ముందే కట్టాలన్న నియమం తీసేసి, కట్టకుండా మిగిలిన దాదాపు 57 బిలియన్ల బాకీ కొట్టేసింది. రెండు, ఇకముందు రిటైరయ్యే పోస్టల్ ఉద్యోగులు మెడికేర్‌లో చేరాలంది. వాళ్ళు పనిచేసినంత కాలం మెడికేర్ పన్ను కట్టినవాళ్ళే కాబట్టి ఇది న్యాయమే. కానీ ఖర్చు మాయం కాలేదు, పోస్టాఫీసు పద్దు నుంచి మెడికేర్ పద్దుకి మారింది. మూడు, వారానికి ఆరు రోజులు ఉత్తరాలూ పార్సిళ్ళూ కలిపి బట్వాడా చెయ్యాలని శాశ్వత చట్టంలో రాసింది. అప్పటిదాకా ఇది ఏటా బడ్జెట్ బిల్లుల్లో చేర్చుకుంటూ వచ్చిన షరతు. నాలుగు, ఉత్తరాలు ఎంత సమయానికి అందుతున్నాయో జనం ఆన్‌లైన్‌లో చూసుకునేలా ప్రతివారం అంకెలు పెట్టమంది.

ఆ ఆర్థిక సంవత్సరం చివర పోస్టల్ సర్వీస్ 56 బిలియన్ డాలర్ల లాభం చూపించింది. పోస్టుమాన్ ఒక్క ఉత్తరం ఎక్కువ పంచలేదు. 57 బిలియన్ల బాకీ కొట్టెయ్యడమే ఆ లాభం. దాన్ని పక్కన పెడితే మిగిలేది నష్టమే. పదేళ్ళపాటు నష్టాన్ని ఒక చట్టం రాసింది, ఒక్క ఏడాది లాభాన్ని ఇంకో చట్టం రాసింది.

ఇక్కడితో ఆగిపోతే నా పాత కథే గెలిచినట్టు. కానీ 2023లో 6.5 బిలియన్ల నష్టం. 2024లో 9.5 బిలియన్లు. విలన్ చచ్చిపోయాక కూడా నష్టం బతికే ఉంది. పెన్షన్ బాకీల వాయిదాలు అందులో కొంత. మిగతాది ఎవరి కుట్రా కాదు. 2001లో 103 బిలియన్లు దాటిన ఫస్ట్‌క్లాస్ ఉత్తరాలు 2023కి 46 బిలియన్లకి పడిపోయాయి. చిరునామాలు మాత్రం ఏటా పది లక్షల దాకా పెరుగుతూ 16 కోట్లు దాటాయి. తిరగాల్సిన గడపలు ఎక్కువ, సంచిలో ఉత్తరాలు తక్కువ. 2020 చివర్లో నియంత్రణ కమిషన్ ధర కళ్ళెం కాస్త వదిలాక, 2021లో 58 సెంట్లైన బిళ్ళ 2025 జూలైకి 78 సెంట్లయింది. ధర పెరిగినకొద్దీ రాసేవాళ్ళు ఇంకా తగ్గుతారన్న భయం ఉండనే ఉంది.

గ్రాండ్ కాన్యన్ అడుగున సుపాయి అనే ఊరుంది. హవసుపాయి జాతివాళ్ళది. రోడ్డు లేదు. ఎనిమిది మైళ్ళ లోయదారిలో కంచరగాడిదల మీద పోస్టు వెళుతుంది, ఈనాటికీ. ఆ ఊరికీ న్యూయార్క్‌కీ బిళ్ళ ధర ఒకటే. ఇన్నాళ్ళూ ఆ గాడిదల ఖర్చు పెట్టింది ఉత్తరాల గుత్తహక్కు. ఉత్తరాలే తగ్గిపోయాక ఆ గుత్తహక్కు విలువ ఎంత? ఆరు రోజులూ వెళ్ళాలని 2022 చట్టం గట్టిగానే చెప్పింది. ఎవరి డబ్బుతో అన్నది మాత్రం 1970లో లాగానే వదిలేసింది. 1792 చట్టం మంచిదో చెడ్డదో గానీ, ఎవరు ఎవరికోసం కడుతున్నారో ధరల పట్టిక చూస్తే తెలిసేది. ఇప్పుడు తెలియాలంటే మెడికేర్, ఖజానా, పెన్షన్ నిధి పద్దులన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఈ ప్రశ్న ఒక్క అమెరికాదే కాదు. మన దేశంలో 1898 నాటి తపాలా చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. ఉత్తరాల మీద పాత గుత్తహక్కు కొత్త చట్టంలో లేదు. లక్షన్నర దాటిన మన పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు ఒకరింటి వరండా. ఒక బల్ల, ఒక ముద్ర, తాళం వేసిన సంచి. ముసలివాళ్ళ పెన్షను మనియార్డర్లు వచ్చే రోజు ఆ అరుగు నిండిపోయేది. అక్కడ అమ్మిన కార్డుల డబ్బుతో ఆ బల్ల ఖర్చు కూడా వచ్చి ఉండదు. ఆ వరండా నష్టంలో ఉందని మాకెవరికీ తోచలేదు, ఎందుకంటే దాన్ని విడిగా ఒక పద్దుగా ఎవరూ మా ముందు పెట్టలేదు.

నష్టమా, సేవా అని వాదించుకోవడం నేను మానేశాను. నష్టం అంకె కనబడితే మూడు విషయాలు చూస్తున్నాను: ఈ అంకె ఏ చట్టం రాయించింది, దాన్ని తీసేస్తే ఎంత మిగులుతుంది, ఆ మిగిలింది ఎవరి గడప దాకా వెళ్ళడానికి అయిన ఖర్చు. మూడోదానికి జవాబు దొరికితే, ఆ ఖర్చు పన్నుల్లోంచి ఇద్దామా, బిళ్ళ ధరలోనా, లేక వెళ్ళడమే మానేద్దామా అని కనీసం నిజాయితీగా ఓటు వేసుకోవచ్చు. ఈ రెండు వందల ఏళ్ళ చట్టాల్లో ఆ ఓటు సూటిగా పడిన సందర్భం నాకు పెద్దగా కనబడలేదు.

మా ఆవిడ కార్డు మార్చి నెలలో ఒక శనివారం వచ్చింది. ఆరో రోజు బట్వాడాలో.